మల్లప్ప సారుకు ఎవరి వంతు

"విమల ఉంటే చాలు, మనకు కమిటీతోని పనే లేదు" అని మా ఆయన కాలనీ మీటింగుల్లో అంటూ ఉంటారు. అందరూ నవ్వుతారు. టీ కప్పులు ఎత్తుతూ నేనూ నవ్వుతాను. ఆ ఆదివారం కూడా అలాగే నవ్వి, కప్పులు కడగడానికి లోపలికి వెళ్ళి, సింకు అంచు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. నెత్తురు వెచ్చగా తొడల మీదికి జారుతోంది. అది పదహారో రోజు.

మొయినాబాద్ దాటాక, చేవెళ్ళ రోడ్డు మీద యాభై రెండు ఇళ్ళ కాలనీ మాది. మగవాళ్ళు చాలామంది హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తారు. ఇక్కడ చెట్లుంటాయని, మంచి గాలి ఉంటుందని కొనుక్కున్నారు. మా ఆయన దేవదాస్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు, కాలనీ సంఘానికి కార్యదర్శి. గేటు దగ్గర 'పచ్చని చెట్లు, పదిమంది తోడు' అని బోర్డు రాయించింది ఆయనే. ఆ మాటలు నావి. ఒకరోజు కూర తరుగుతూ అన్నాను, ఆయన రాసుకుని పోయారు. ముసలివాళ్ళకు తిండి, బాలింతలకు సాయం, మొక్కల ఎరువు గుంత, పండగలకు పాటలు, వీటన్నిటికీ 'సేవ వంతులు' అని ఒక కాగితం ఉంటుంది. అందులో వంతులు పడ్డ పేర్లన్నీ ఆడవాళ్ళవే. మగవాళ్ళ పేర్లు కింద విడిగా, సలహాదారులు అని ఉంటాయి.

నేను మొయినాబాద్ బడిలో తెలుగు చెప్పేదాన్ని. "ఈడ ఇంత పని పెట్టుకొని ఆడికి పోవుడెందుకు" అన్నారాయన. మానేశాను. ఇంట్లో నేను చేసేదాన్ని ఆయన మొదటిసారి పని అన్నారు కదా అని, ఆ రోజు సంతోషపడ్డాను కూడా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఇష్టం లేకుండా చేశానని మాత్రం అనను. మూడో వీధిలో మల్లప్ప సారు ఉంటారు, చేవెళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కొడుకూ కోడలూ ఏడింటికే ఆఫీసు బస్సెక్కుతారు. ఎనిమిదింటికి నేను జావ తీసుకుని వెళితే ఆయన కళ్ళు తలుపు దగ్గరే ఉంటాయి. నేను వెళ్ళకపోతే ఆ మనిషి మధ్యాహ్నం దాకా పస్తే. ఎవరి మీదైనా కోపం వచ్చి మానేద్దామనుకున్నప్పుడల్లా ఆ కళ్ళే అడ్డం పడేవి. నన్ను కట్టేసిన తాడు మంచిదే, అందుకే తెంచలేకపోయాను.

నెత్తురు సంగతి అత్తమ్మతో చెప్పాను. "ఆడిదన్నంక గది ఉండేదే. నలభై దాటినంక అదే ఆగుతది" అంది. ఆయనతో చెప్పాను. "మొక్కల పండుగ కానియ్యి, పోదాం" అన్నారు. తర్వాత వినాయకుడి నిమజ్జనం కానియ్యి అన్నారు. ఆ తర్వాత బతుకమ్మ. ఒక పొద్దున ఎరువు గుంతలో ఆకులు తిరగేస్తుంటే కళ్ళు చీకట్లు కమ్మి గట్టు మీద కూలబడ్డాను. ఇందులోనే పడుకుంటే, పైన కాసిన్ని ఆకులు కప్పుకుంటే, నేను లేనని ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది అని ఆలోచించాను. అత్తమ్మ టీ వేళకు తెలుస్తుంది. టీ రాలేదని తెలుస్తుంది. అంతే. ఆ ఆలోచనకు భయం వేయకపోగా, లోపల చల్లగా, హాయిగా అనిపించింది. అప్పుడు భయం వేసింది.

బతుకమ్మకు పూలు తెచ్చింది అంతమ్మ. ముడిమ్యాల నుంచి వచ్చి కాలనీ చెట్లకు నీళ్ళు పెడుతుంది. గునుగు పూలు నా ముందు పోస్తూ, "అమ్మా, నీ మొఖంల నెత్తురు సుక్క లేదు. దవాఖానకు పోరాదు" అంది. రెండు నెలల్లో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే.

సాయంత్రం, పిలిచిన అతిథుల ముందు పాట నేనే ఎత్తుకోవాలి. మూడు చుట్లు తిరిగాను. నాలుగో చుట్టులో పాట మధ్యలో నా గొంతు నాకే దూరంగా వినిపించింది. పడిపోయాను. చీర వెనక తడిసిపోయింది. ఆయన పరుగున వచ్చారు. "జర లోపటికి తీస్కపోండ్రి, గెస్టులు చూస్తున్రు" అన్నారు. స్పృహ పూర్తిగా పోలేదు నాకు. పోయుంటే బాగుండేది, ఆ మాట వినేదాన్ని కాదు. అంతమ్మ తన కొంగు నా నడుముకు కప్పి, ఆటో పిలిచి, చేవెళ్ళ దవాఖానకు తీసుకుపోయింది. సభ ముగిశాక ఆయన వచ్చి, కాసేపు కూర్చుని, అమ్మ ఒక్కతే ఉందని వెళ్ళిపోయారు. రాత్రంతా నా మంచం పక్కన అంతమ్మే ఉంది.

"నెత్తురు నాలుగున్నర గ్రాములకు పడ్డది. గర్భసంచిల గడ్డ ఉన్నది, ఆపరేషన్ చెయ్యాలె" అంది డాక్టరమ్మ. "ఇంట్ల ఎవరు చూస్కోలేదా?"

మర్నాడు పొద్దున్నే ఆయన అరటిపళ్ళతో వచ్చారు. ముఖం తేలిగ్గా ఉంది. "నువ్వేం ఫికర్ చెయ్యకు. నీ వంతులన్ని ఉమారాణికి రాసిన. ఇయాల్టి నుంచి మల్లప్ప సారు కాడికి ఆమెనే పోతది" అన్నారు.

ఉమారాణి మా పక్కింటి అమ్మాయి. ఏడో నెల. మంచం దిగొద్దని డాక్టరు చెప్పి వారం కూడా కాలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఒక చేతికి నెత్తురు ఎక్కుతోంది. రెండో చెయ్యి చాపాను. "ఫోన్ ఇయ్యండి."

ఉమ వెంటనే ఎత్తింది. "అక్కా, ఎట్లున్నవ్? సారుకు జావ నేనే పెడత తియ్, రంది పెట్టుకోకు."

"నువ్వు పోకు ఉమా. పండుకో. మీ బావ పోతడు."

"బావనా?" అంది చిన్నగా.

"ఆఁ" అని ఫోన్ ఆయనకిచ్చేశాను.

"నాకు ఎనిమిదింటికి కాల్ ఉంటది విమలా. గవన్ని నాకెట్ల వస్తయి" అన్నారాయన.

"నాకు కూడ రాకుండె" అన్నాను. "రాగి జావ పలుచగ కాయాలె. తల కింద చెయ్యి పెట్టి లేపాలె. ఒక్క చెంచ పోసి, ఆయన మింగేదాక ఆగాలె. తొందర పడితే పొరపోతది."

ఆయన నన్నూ, అంతమ్మనూ మార్చి మార్చి చూశారు. అంతమ్మ చూపు తిప్పుకోలేదు.

"ఏడున్నరైంది" అన్నాను. "సారు తలుపు దిక్కే చూస్తుంటడు. బయలెల్లండి."