నాన్న తోట గ్లాసు

మా బ్రెన్యాక్ ఎస్టేట్‌లో ఫిబ్రవరి వచ్చిందంటే నాకు మనసు మనసులో ఉండదు. ఒక్కో ద్రాక్షతోట వైన్‌ని విడిగా రుచి చూసి, ఏది మా పేరు మోసే మొదటి వైన్‌లో కలవాలో, ఏది రెండో రకంగా చవక సీసాల్లోకి పోవాలో తేల్చేది ఆ నెలలోనే. గ్లాసుల మీద అంకెలే ఉంటాయి, తోటల పేర్లుండవు. యజమానురాలు మదామ్ ఎలియాన్, తోటల పెద్ద రెమోన్, పీపాలు చూసుకునే నేను, ముగ్గురం చీటీలు రాస్తాం. ఇద్దరి మాట ఎటుంటే అటు. చీటీ విప్పాక మార్చడానికి లేదు.

ఆ ఏడు మదామ్ ముందే చెప్పేసింది.

"గాస్పార్, చర్చి వెనక తోట ముసలిదైపోయింది. కాపు సగం కూడా లేదు. ఈసారి మొదటి వైన్‌కి ఎక్కితే ఉంచుతా, లేదంటే వచ్చే నెల పీకించేస్తా. నన్ను తిట్టుకోకు."

ఆ తోట మా నాన్న నాటింది. ఒక్కో మొక్కా మోకాళ్ళ మీద కూర్చుని నాటాడు.

"ఒరేయ్, వాసన పట్టి మీ నాన్న గ్లాసుకి ఓటేసేవు, జాగ్రత్త!" అన్నాడు రెమోన్.

నాకు చుర్రుమంది. ముప్పై ఏళ్ళలో నా నాలుకని ఎవడూ శంకించలేదు. "నీలాంటోణ్ణి కాదులే" అన్నాను.

నాలుగో గ్లాసులోది నోట్లో పడగానే తెలిసిపోయింది. పళ్ళు పట్టేసే వగరు, పలకరించినా పలకని బిగువు. అచ్చం నాన్నే. లేతలో ఇంత మొండిగా ఉన్న వైనే ముప్పై ఏళ్ళు నిలబడుతుందని నాకు తెలుసు. 'మొదటిది' అని రాయబోయి ఆగాను. కొడుకుని కాబట్టి రుచిస్తోందేమో? రెమోన్ ఏమంటాడో? 'రెండోది' అని రాశాను. నా నిజాయితీ చూసి నాకే ముచ్చటేసింది కూడా, సిగ్గులేకుండా.

మదామ్ చీటీలు విప్పింది. రెమోన్‌ది 'రెండోది'. ఆమెది 'మొదటిది'. నాది చూసి కళ్ళజోడు తీసింది.

"ఇదేంటి గాస్పార్? నీకు నచ్చలేదా?"

"చాలా బాగుంది మదామ్. కానీ నాన్నదని తెలిసిపోయింది, అందుకని..."

"అందుకని దించేశావా? నేనడిగింది వైన్ గురించయ్యా, నీ మంచితనం గురించి కాదు."

"నేనేదో సరదాకి అన్నానురా" అని గొణిగాడు రెమోన్.

మార్చిలో ట్రాక్టర్ వచ్చింది. పైకొచ్చిన వేర్లు మనిషి పొడుగున్నాయి. చూడలేక పీపాల గదిలోకి పోయాను.

ఆ ఏటి మొదటి వైన్ మెత్తగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. పన్నెండేళ్ళకి ఒక మధ్యాహ్నం మదామ్ మా ఇద్దరినీ పిలిచి దాన్ని తెరిచింది. చప్పబడిపోయింది. తర్వాత పేరు అంటించని సీసా ఒకటి తీసింది. నాన్న తోట వైన్‌ని దేంట్లోనూ కలపకుండా అప్పట్లో పక్కన పెట్టించిందట.

వగరు ఇప్పుడిప్పుడే సడలుతోంది. దాని వెనక నల్లపండ్లు, తడిమన్ను, ఇంకా విప్పుకోవలసినదెంతో ఉంది.

"ఇంకెన్నున్నాయి?" అన్నాను.

"ఇదొక్కటే."

సీసా తెరిచాక ఇక దాచలేం. ముప్పై ఏళ్ళు బతకాల్సినదాన్ని ముగ్గురం పన్నెండేళ్ళకే తాగేశాం. నాకు ఏడుపు ఆగలేదు.