వైరస్ పోయని సీసా

తడిగుడ్డ పిండి నుదుటి మీద వేస్తుంటే, ఆయన కళ్ళు తెరవకుండానే అన్నారు.

"నీ ల్యాబు నుంచే వచ్చుంటుంది ఇది."

నేను గుడ్డ అంచులు సర్దాను. స్టూలు మీద జావ చల్లారుతోంది. పక్క సీటు గుమాస్తా దగ్గుతూనే ఆఫీసుకు వస్తున్నాడని వారమంతా విసుక్కున్నది ఈయనే. ఆ సంగతి గుర్తుచేస్తే జ్వరంలో ఉన్న మనిషితో వాదన పెట్టుకున్నట్టవుతుంది.

"మాది చేపలకొచ్చే వైరస్ అండీ. మన ఒంటి వేడికి అది బతకదు."

"వైరస్ వైరస్సే," అన్నారు. లేచి ఒక చెంచా జావ తాగి, "జావలో ఉప్పు తక్కువైంది," అన్నారు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. "మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా. అందరూ కోళ్ళు పెంచుతారు, మేకలు పెంచుతారు. మా కోడలు రోగాలు పెంచుతుందట!"

నిజానికి నేను పెంచేది వైరస్‌ని కాదు, కణాలని. పెళ్ళైన దగ్గర్నుంచి చెబుతున్నా ఈ తేడా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. ల్యాబులో కూడా పెద్దగా ఎక్కలేదు. వైరస్ ఎంత మంచి తిండి పెట్టినా దానంతట అది పెరగదు. బతికున్న కణం కావాలి. ఆ కణాల్ని ఎవరో ఒకరు బతికించి ఉంచాలి. చేప తోక నుంచి తీసిన కణాలు పల్చటి సీసాల అడుగున అతుక్కుని, గచ్చు మీద పలకల్లా ఒకదాని పక్కన ఒకటి పరుచుకుంటాయి. వాటికి గులాబీ రంగు పోషకద్రవం పోస్తాను. అది పసుపుకు తిరిగిందంటే తిండి అయిపోయిందని అర్థం. పాతది తీసేసి కొత్తది పోయాలి. కణాలకు ఆదివారాలూ పండుగలూ ఉండవు. వైరస్ మీద పనిచేసేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు సభల్లో మాట్లాడతారు. నన్ను అందరూ కణాలమ్మాయి అంటారు. "కణాలమ్మాయీ, సీసాలు సిద్ధమా?" అని తలుపులోంచి తల పెట్టి అడుగుతారు. ఎప్పుడూ సిద్ధమే.

మా ఊరి బళ్ళో టీచరు బోర్డు మధ్య నిలువుగీత గీసి, ఒక పక్క ప్రాణమున్నవి, రెండో పక్క లేనివి రాయమంది. రాయి, కుక్క, గడ్డి, నీళ్ళు. అన్నీ రాశాక, వైరస్ మాత్రం తనే రాసింది, సరిగ్గా గీత మీద. "ఇది బయటుంటే రేణువు, లోపలికెళ్తే యజమాని," అంది. ఆ మాట కోసమే నేను ఈ చదువు చదివాననుకుంటాను.

ఆ మధ్యాహ్నం వంటింట్లో కూరగాయలు తరుగుతూ అత్తయ్య అడిగింది. వెటకారం కాదు, నిజంగానే.

"అసలది ఎలా ఉంటుందే? చేతులుంటాయా?"

"ఉండవత్తయ్యా."

"నోరు?"

"లేదు. పొట్టా లేదు."

"మరింత రాద్ధాంతం ఎలా చేస్తుంది?"

"ఒక చిన్న డబ్బా అనుకోండి. ఒకే తీరు ప్రోటీను ముక్కలు అతికించి కట్టిన డబ్బా. మా దానికైతే పైన ఒక కొవ్వు పొర, ఆ పొర మీద ముళ్ళు. ఆ ముళ్ళు తాళంచెవుల్లాంటివి. అవి పట్టే తలుపున్న కణంలోకే పోగలదు. డబ్బా లోపల ఒక చీటీ ఉంటుంది."

"ఏం రాసుంటుంది?"

"నన్ను ఇలా ఇలా తయారుచెయ్యి, అని."

"చేసేదెవరు?"

"కణమే. పిండి దానిదే, పొయ్యి దానిదే, ముక్కలయ్యే రెక్కలూ దానివే. చీటీ ఎవరు రాశారో దానికి తెలియదు. తన ఇంటి చీటీయే అనుకుని చేసుకుపోతుంది."

అత్తయ్య కత్తి ఆపి ఆలోచించింది. "అయితే అత్తింట్లో తిష్ఠవేసిన మా చిన్నాడపడుచు మొగుడన్నమాట," అంది.

నాకు నవ్వాగలేదు. ఆవిడకీ ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంటే లోపల్నుంచి "మంచినీళ్ళు!" అని వినిపించింది. ఇద్దరం ఒక్కసారే లేచాం. లేచిన తీరుకు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అత్తయ్య నవ్వు అక్కడే ఆగిపోయింది. "నువ్వెళ్ళు," అని మళ్ళీ కూర్చుంది.

మా ఆయన్ని వైరస్ అంటున్నాననుకోకండి. ఆయన చెయ్యెత్తరు, గొంతెత్తరు. నా ఉద్యోగం గురించి స్నేహితుల దగ్గర గొప్పగా కూడా చెబుతారు. పోయిన వానాకాలం నాకు జ్వరం వచ్చింది. లేచి వంట చేసి, మళ్ళీ పడుకుని, మళ్ళీ లేచి గిన్నెలు కడిగాను. "ఆడవాళ్ళ జ్వరం పొయ్యి దగ్గరికెళ్తే అదే దిగుతుంది," అంది అత్తయ్య. ఆయన వేడి వేడిగా అన్నం తింటూ, "నువ్వు గట్టిదానివి," అన్నారు. ఆ మాటకు సంతోషించాను కూడా. కానీ లెమ్మని నన్ను ఎవరూ అనలేదు. నేనే లేచాను. ఇన్నాళ్ళూ నన్ను తొలిచింది అదే. తిట్టినవాళ్ళు లేరు, కొట్టినవాళ్ళు లేరు, మరి ఎవరు లేపినట్టు? ఆ చీటీ నాలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు. "అత్తింట్లో మాట రానివ్వకు," అని అమ్మ అన్నప్పుడో, అంతకంటే ముందో.

పొద్దున ల్యాబుకు బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి ఇంట్లోకి తిరిగి అన్నీ అప్పజెబుతాను. పాలు కింది అరలో, కూర మూత కింద, మాత్ర తిన్నాకే, మోటారు కట్టడం మరిచిపోకండి. అత్తయ్య దీన్ని రేడియో వార్తలంటుంది. వార్తల్లో ఏదైనా మరిచిపోతే ల్యాబుకు ఫోను వస్తుంది.

"చెంచాలెక్కడ?"

"ఎప్పటి చోటే."

"ఎప్పటి చోటంటే?"

ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో ఫోనుతో ఎప్పటి చోటు ఎక్కడో చెబుతాను.

ఇన్నేళ్ళూ కణాల్ని సాకాను గానీ, వైరస్‌ని నేను చూడలేదు. మామూలు మైక్రోస్కోపుకు అది అందదు. అది చేసిన పనే కనిపిస్తుంది. బారుగా పరుచుకున్న కణాలు గుండ్రంగా ముడుచుకుని, పట్టు వదిలి, ద్రవంలో తేలిపోతాయి. దాన్ని చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. అది ఊరికి అవతల వేరే సంస్థలో ఉంది. ఈ ఆదివారం పొద్దున మా ల్యాబుకు వంతు దొరికింది. "కణాలమ్మాయీ, నువ్వూ రా," అంది మా ల్యాబు నడిపే మేడమ్. "నువ్వు పెట్టిన తిండి మీదేగా అది పెరిగింది. ఈసారి తప్పితే మళ్ళీ వంతు ఎప్పుడో." వస్తానన్నాను. అన్నాక ఇంట్లో జ్వరం గుర్తొచ్చింది.

శనివారం సీసాలు చూస్తూ చివరి దాని దగ్గర ఆగాను. ప్రతిసారీ ఒక సీసాలో వైరస్ పోయం. తిండి మాత్రం అన్నిటితో సమానంగా పెడతాం. కంట్రోలు అంటారు దాన్ని. పక్క సీసాల్లో ఏం పాడైందో చెప్పాలంటే, పాడవకపోతే ఎలా ఉండేదో చూపించేది ఒకటి ఉండాలి కదా. మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. కణాలు నిబ్బరంగా ఉన్నాయి. ఒకటి రెండుగా చీలుతోంది, దాని పాటికి అది. ఇంట్లో నాకు అలాంటి సీసా లేదు. ఆ చీటీ అందకపోయి ఉంటే నేనెలా ఉండేదాన్నో చూసుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

ఆదివారానికి ఆయన జ్వరం దిగింది. దిండుకు ఆనుకుని ఫోను చూసుకుంటున్నారు. నేను చీర మార్చుకుని రావడం చూసి, "ఇవాళ ఆదివారం కదా?" అన్నారు.

"వైరస్‌ని చూపిస్తారండీ, ఇవాళ."

"ఎవరు చూస్తే ఏముంది? ఎలాగూ ఫోటో తీస్తారుగా, పంపమను."

నేను జడ అల్లుకోవడం పూర్తిచేశాను.

"సరే, నీ ఇష్టం. నాకేముంది, ఎలాగో పడుంటాను."

ఇదివరకు ఈ మాటకు చీర మడతపెట్టేసిన రోజులున్నాయి. సంచీ భుజాన వేసుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి, అలవాటు కొద్దీ ఆగి వెనక్కి తిరిగాను. ఆయన ఫోను దించారు. వంటింట్లో అత్తయ్య గిన్నె తోమడం ఆపింది. ఇద్దరూ వార్తల కోసం చూస్తున్నారు. జావ చిన్న గిన్నెలో, మాత్ర తిన్నాకే, తువ్వాలు తీగ మీద. అన్నీ వరసగా గొంతు దాకా వచ్చి నిలబడ్డాయి.

చెంచాలు ఎప్పటి చోటే ఉన్నాయి.

చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగాను.