ఫైసలైన కాగితం

కర్నూలు రాజధాని అయిన ఏడాదికే ఆ తాలూకా కచేరీ రికార్డు గది గొంతుదాకా నిండిపోయింది. తలుపు తీస్తే కట్టలు మీద పడేవి. కొత్త అర్జీలు పెట్టడానికి చోటులేక వరండాలో పడేస్తే కొన్ని గాలికి ఎగిరిపోయాయి, కొన్నింటిని మేకలు నమిలాయి. వాటిని రాయించడానికి జనం ఎంత దూరం నడిచి వచ్చారో మేకలకు తెలియదు. కచేరీకి మాత్రం తెలుసు. తెలిసీ ఊరుకుంది.

జీవమ్మ రోజూ ఆ వరండాలోనే కూర్చునేది. సర్కారు ఆమెకు ఇచ్చిన కాస్త చేను మీదికి, అది తనదేనంటూ ఊళ్ళో ఆసామి ఓబుళరెడ్డి ఎద్దులను తోలాడు. చేను ఆమెదేనని వెనకటి తహశీల్దారు ఫైసలు చేసి, తీర్పు రాసి ఇచ్చిన కాగితాన్ని గుడిసెలో చెదలు తినేశాయి. సోమవారం సబ్ కలెక్టరు క్యాంపుకు వస్తున్నాడు. ఆలోగా తీర్పు నకలు చేతికి రాకపోతే చేను పోయినట్టే.

"నాది ఫైసలయింది సామీ. ఈడనే లోపల ఉండాది. ఎతికి నకలు ఇయ్యండి," అంది.

"యాడ ఎతకాలమ్మా? కాలు పెట్టేదానికి సందు లేదు. గది కాళీ కానీ, ఇస్తా," అన్నాడు రికార్డు గుమాస్తా ఉరుకుందప్ప. చెడ్డవాడు కాదు, విసిగిపోయిన మనిషి.

ఇంత చోటు తింటున్నదేమిటా అని అతడు అరలన్నీ తడిమి చూశాడు. కిటికీ పక్క గోడంతా ఒకే తగాదా. ఓబుళరెడ్డికీ అతని దాయాదికీ ఒక బావి గురించి తాతల నాటి నుంచి నడుస్తున్న వ్యవహారం. వాయిదా మీద వాయిదా, అప్పీలు మీద అప్పీలు. దొంగ దొరికినంత సంబరంగా పోయి హెడ్ గుమాస్తాకు చెప్పాడు.

"అది ఇంకా నడుస్తాండాది కదప్పా. ముట్టుకుంటే మన ఉద్యోగాలు ఊడతాయి. ఫైసలైనవి శానా ఉండాయి, వాటిని కాల్చేయండి," అన్నాడాయన.

కలకాలం దాచాల్సినవి వేరుచేయాలని నిబంధన ఉంది. కట్టకట్టా విప్పి చూసే ఓపిక ఎవరికుంది? అట్ట మీద ఫైసల్ అని ముద్ర కనిపిస్తే చాలు, బయటికి విసిరారు. మోయడానికి కూలీలు దొరకలేదు.

జీవమ్మ కొంగు నడుముకు దోపుకుని లేచింది. "నేను మోస్తా సామీ. జల్దీ కాళీ అయితే నాది దొరుకుతాది."

చదువురాని ఆ పిచ్చితల్లి పొద్దంతా మోసింది. కచేరీ వెనకాల మంటలో వేసి, కాలనివాటిని కట్టెతో లోపలికి తోసింది. పొద్దు వాలేసరికి గదిలో నేల కనిపించింది. ఓబుళరెడ్డి తగాదాను దుమ్ము దులిపి విశాలంగా సర్దారు.

ఉరుకుందప్ప మాట తప్పలేదు. దీపం పట్టుకుని జీవమ్మ ఊరి అర దగ్గరికి వెళ్ళాడు. అర బోసిగా ఉంది. అప్పుడు తట్టింది అతనికి.

"దొరికిందా సామీ?" అంటూ ఆమె గడప దాకా వచ్చింది.

"జీవమ్మా... నీది ఫైసలయిందన్నావు కదా."

"అవును సామీ! ముద్ర గూడా ఏసినారు," అంటూ జీవమ్మ మసి చేతులను చీరకు తుడుచుకుని, కాగితం అందుకోవడానికి రెండు చేతులూ చాపింది.