విడిదిలో కాఫీ

ముహూర్తం పది గంటల పదిహేడు నిమిషాలకు. ఏడున్నరకు విడిది నుంచి ఫోన్ వచ్చింది. మగపెళ్లివారు మండపానికి తరలి రామని కూర్చున్నారట.

ఏడుకొండలు మండపం నుంచి ఆటోలో బయల్దేరాడు. అతనిది రేపల్లె. కూతురు గౌతమి పెళ్లి బాపట్లలో పెట్టుకున్నాడు. తెనాలి నుంచి వచ్చిన మగపెళ్లివారికి స్టేషను దగ్గర హోటల్లో పన్నెండు గదులు తీసుకున్నాడు. గదితో పాటు పొద్దున టిఫిన్ ఉచితమన్నారు. సరేనన్నాడు. కాఫీ సంగతి అడగలేదు. టిఫిన్ పెట్టేవాడు కాఫీ ఇవ్వకుండా ఉంటాడని అతనికి తోచలేదు.

హాల్లో తిన్న పళ్లేలు తీయకుండా అలాగే ఉన్నాయి. పెళ్లికొడుకు పెదనాన్న బసవేశ్వరరావు బల్ల మీద ఒక చీటీ పెట్టి, దాని మీద వేలు ఆనించి కూర్చున్నాడు.

"రండి బావగారూ. మీ విడిదిలో కాఫీ అడిగితే బిల్లు తెచ్చి ఇచ్చారు. కప్పు డెబ్బై అంట."

"నాకు తెలీదండి."

"మీకు తెలీదు. మా వాడికి తెలిసింది. మంగళస్నానం చేసి, బుగ్గన చుక్క పెట్టుకుని, మా అందరి కాఫీలకీ పెళ్లికొడుకే కట్టాడు. తెనాలి వెళ్లి ఈ మాట ఎవరికి చెప్పుకోమంటారు?"

"అల్లప్పచ్చడికి విడిగా వెయ్యలేదు, అదే పదివేలు" అన్నారెవరో వెనక నుంచి. నలుగురు నవ్వారు.

ఏడుకొండలు నవ్వలేదు. ఇలాంటి చోట ఏం మాట్లాడాలో అతనికి రాదు. ముప్ఫై ఏళ్లూ ఆ పని భార్యే చేసింది. అతను ఒకరిని ఒక మాట అంటే, వెనకాలే ఆమె వాళ్లింటికి వెళ్లి సర్దుకొచ్చేది. ఆమె పోయి మూడేళ్లయింది. అప్పటినుంచి అతనన్న మాటలు అన్నచోటే ఉండిపోతున్నాయి. సొంత తమ్ముడే గడప తొక్కడం మానేశాడు.

కౌంటర్ దగ్గరకు వెళ్లాడు. "కాఫీ లేని టిఫిన్ ఏంటయ్యా?"

"ఉచితంలో కాఫీ రాదండి. కార్డు మీద రాసే ఉందండి."

అరవొచ్చు. అరిస్తే హాల్లో వాళ్లు ఇంకా బిగుసుకుంటారు. అక్కడ గౌతమి గౌరీపూజకు కూర్చునే వేళయింది. మళ్లీ ఆటో ఎక్కాడు.

మండపంలో వంటవాళ్ల దగ్గర స్టీలు క్యాను నిండా కాఫీ పోయించుకుని, ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. దారిలో ఒలికి పట్టుపంచె మీద మరక పడింది. ఎవరి సాయమూ అడగలేదు. గ్లాసులు పరిచి తనే పోసి, ఒక్కొక్కరి చేతికి అందించాడు.

పెళ్లికొడుకు వినయ్ కుమార్ లేచి నిలబడ్డాడు. "మీరెందుకండీ మావయ్యగారూ" అన్నాడు. ఏడుకొండలు అతను కట్టిన డబ్బు అతని జేబులో పెట్టి ముందుకు వెళ్లాడు.

వినయ్ తల్లి నాగరత్నం గ్లాసు తీసుకుంది గాని తాగలేదు. "అన్నయ్యగారూ, వదినే బతికుంటే ఈ మాట వచ్చేది కాదు" అంది.

హాలంతా అతనివైపు చూసింది.

ఏడుకొండలు క్యాను కింద పెట్టాడు. "వచ్చేది కాదు చెల్లెమ్మా. ఆవిడైతే ముందే అడిగేది. నేను అడగలేదు. తప్పు నాదే."

తప్పు నాదే అన్న మాట అంతవరకు అతని నోటివెంట ఎన్నడూ రాలేదు. ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్లిన రోజున భార్యతో కూడా అనలేదు.

నాగరత్నం ఒక గుక్క తాగింది. "చిక్కగా ఉంది. లేవండి, ముహూర్తం దాటిపోద్ది" అని తనే ముందు లేచింది. ఆవిడ వెనకే అందరూ లేచారు.

బసవేశ్వరరావు చివర లేచాడు. "పంచదార ఎక్కువైంది బావగారూ" అని, సగం తాగిన గ్లాసు బల్ల మీద వదిలి బస్సెక్కాడు.

ఏడుకొండలు ఆ గ్లాసు వైపు ఒకసారి చూశాడు.

పెళ్లి సజావుగా జరిగింది. భోజనాల దగ్గర ఏడుకొండలు బసవేశ్వరరావు విస్తరి ముందు నిలబడి, అడిగి అడిగి వడ్డించాడు. సాయంత్రం మండపంలో తన చేత్తోనే అందరికీ కాఫీలు ఇస్తూ వచ్చాడు. బసవేశ్వరరావు కుర్చీ దగ్గర మాత్రం ఆగలేదు.