మేస్త్రీ బిళ్ళ

ప్రేమదాసు మళ్ళీ కాలు జాడించాడు. మడమ మంచం పట్టెకి తగిలి చిట్లింది. జాయిస్ మొగుడి కాళ్ళు రెండూ అదిమిపట్టి కూర్చుంది. బిళ్ళ మానేసి ఇవాళ్టికి నాలుగు రోజులు. ముక్కూ కళ్ళూ ఆగకుండా కారుతున్నాయి, కడుపులో నీళ్ళు కూడా నిలవడం లేదు.

"ఒక్కటియ్యవే. పోనీ సగమియ్యి."

"డాక్టరమ్మ రాసినవి ఏసుకో. అది మాత్రం ఇయ్యను."

"ముండా, నా చావు చూద్దామనా?" అని తిట్టాడు. ఆ వెంటనే ఏడ్చాడు.

జగ్గయ్యపేటలో సిమెంటు లారీల లోడింగు అతని పని. యాభై కిలోల బస్తాలు రోజుకి మూడు వందలు ఎత్తితే తొమ్మిది వందల కూలి. ఆరేళ్ళుగా మేస్త్రీ కృష్ణయ్య పొద్దున్నే టీతో పాటు ముఠాలో అందరికీ ఒక తెల్ల బిళ్ళ ఇస్తున్నాడు. ఊరికేనట! ఊరికే ఇచ్చే మేస్త్రీ ఎక్కడైనా ఉంటాడా? ఆ ఒకటి ఆరేళ్ళలో ఐదయింది. కిందటి వారం లారీ మీదే ఫిట్స్ వచ్చి పడ్డాడు. నందిగామ ఆసుపత్రిలో డాక్టరమ్మ అది మత్తుమందని చెప్పి, చేరమంది. చేరితే కూలి పోతుందని మందులు మాత్రం రాయించుకుని వచ్చేశారు. ఎంత బుద్ధితక్కువ పని!

గుమ్మం ముందు కృష్ణయ్య బండి ఆగింది.

"ఎనిమిది లారీలు నిలబడ్డాయమ్మా. ఈడు లేక ముఠా అంతా నన్ను తిడతన్నారు."

"లేవలేడండి."

"లేవడానికేగా ఇది." జేబులోంచి బిళ్ళల అట్ట తీశాడు.

"మీరెప్పుడన్నా ఏసుకున్నారా అండీ?"

"నేనేమన్నా బస్తాలు మోస్తానా?" కృష్ణయ్య నవ్వి, వీధి చివర టీ కొట్టు వైపు వెళ్ళాడు.

జాయిస్ బిందె తీసుకుని పంపు దగ్గరికి పోయింది. గంట నిలబడి నీళ్ళు పట్టుకొచ్చేసరికి ప్రేమదాసు మొహం కడుక్కుని కూర్చుని ఉన్నాడు.

"ప్రభువు నా మొర ఆలకించాడే. గంజి తాగాడు, లేచాడు," అంది అత్త లూర్దమ్మ.

జాయిస్ ప్రాణం లేచివచ్చింది. కానీ గంజి గ్లాసు అడుగున తెల్లటి పొడి కనిపించింది.

"అత్తా, ఏం కలిపావు?"

"నువ్వటు పోగానే వచ్చి, బలం బిళ్ళని ఇచ్చాడే కృష్ణయ్య. కన్న కడుపు, చూడలేకపోయా."

నాలుగు రోజుల నరకం బూడిదలో పోసిన పన్నీరయింది. జాయిస్ గ్లాసు గోడకేసి కొట్టింది.

"నీకు చేదు తెలీలేదా?" అని మొగుడి మీద విరుచుకుపడింది.

"మొదటి గుక్కకే తెలిసింది," అన్నాడు ప్రేమదాసు తల ఎత్తకుండా. "ఆపలేకపోయా."

అంతలో కృష్ణయ్య మళ్ళీ వచ్చాడు. "చూశావా, ఎట్టా లేచాడో! ఎక్కరా బండి."

ప్రేమదాసు చొక్కా తొడుక్కుని గుమ్మం దాటాడు. బండి దగ్గర ఆగాడు.

"ఎక్కను."

"నా బిళ్ళ మింగి నాకే ఎదురు చెప్తావా?"

"మింగా. దాంతో నాలుగ్గంటలు నిలబడతా. ఆ నాలుగ్గంటలు నీ బస్తాలకియ్యను." ఆరేళ్ళలో మేస్త్రీని నువ్వు అనడం అదే మొదలు. పెళ్ళాం వైపు తిరిగాడు. "నందిగామ పోదాం పద. ఈసారి చేర్చెయ్యి. రేపు నేనెంత తిట్టినా ఇంటికి తీసుకురామాకు."

జాయిస్ ఆధార్ కార్డు కోసం లోపలికి పరిగెత్తింది. బయట కృష్ణయ్య హారన్ కొడుతూనే ఉన్నాడు.