నాలుగు నెలల పది రోజులు

ఒకే ఇంటి నుంచి వారంలో మూడోసారి కబురు వచ్చేసరికి మౌల్వీగారికి ఒళ్ళు మండింది. మోకాళ్ళ నొప్పులతో ఇరవై రెండు మెట్లెక్కారు. ఆయాసం తీరకముందే ఆ ఇంటి పెద్దకొడుకు దివ్యగ్రంథం తెచ్చి ముందు పెట్టాడు. రెండు చోట్ల కాగితం ముక్కలు దూర్చి ఉన్నాయి.

అతనిది కింద ఫోటోకాపీ కొట్టు. చనిపోయిన తమ్ముడి భార్య పైన ఈ ఇంట్లోనే వెనక గదిలో ఉంటూ, కుట్టుమిషను పెట్టుకుని బడి పిల్లల యూనిఫాములు కుడుతోంది. ఆ గది ఖాళీ అయితే కాగితం కట్టలు పెట్టుకోవాలని అతని ఆరాటం. ఆమెకా, వెళ్ళడానికి పుట్టిల్లు కూడా లేదు.

“చూడండి మౌల్వీగారూ. భర్త పోయినామె నాలుగు నెలల పది రోజులు ఆగాలని ఇక్కడుంది. నిన్నటితో అయిపోయాయి. ఇంక ఆమె దారి ఆమెదే కదా?”

“మరి రెండో కాగితం ఎందుకు పెట్టావు?”

“అక్కడేమో ఏడాది పోషించాలి, ఇంట్లోంచి పంపకూడదు అనుంది. రెండూ ఎలా కుదురుతాయండీ? ఏడాది మాట రద్దయిందని మొన్న మీరే అన్నారు.”

మౌల్వీగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుడుతోంది. ఎంత చెప్పినా వీడి చెవికెక్కేది వీడికి పనికొచ్చే ముక్కే.

“రద్దయిందని ఎక్కువమంది పెద్దలన్నారు అన్నాను. రెండూ చెల్లుతాయని కొందరు పెద్దలన్నారనీ అన్నాను, అది వదిలేశావు. మొదటిది ఆమెకు చెప్పిన మాట. అన్నాళ్ళు మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఆగమని. రెండోది మీకు చెప్పిన మాట. ఏడాది వరకు ఆమెను కదపొద్దని. తనంతట తాను వెళితే తప్పులేదనీ అక్కడే ఉంది. ఎవరి మాట వాళ్ళు వింటే ఇంక తగువెక్కడిది? రద్దన్నవాళ్ళు కూడా గడువు తీరిన మర్నాడే మెడపట్టి గెంటమనలేదు నాయనా!”

“ఎక్కువమంది రద్దన్నారుగా. నాకది చాలు.”

వాడి నెత్తిన ఒక మొట్టికాయ వెయ్యాలనిపించింది మౌల్వీగారికి. కానీ గ్రంథం మూసి పక్కన పెట్టారు. పండితుల లెక్క వాడి వైపే ఉంది, బుద్ధి మాత్రం లేదు.

మంచం మీద జపమాల తిప్పుకుంటున్న అతని తల్లి అప్పుడు లేచింది. ఈ మూడు సార్లూ ఆమె ఈ మాటలన్నీ వింటూనే ఉంది. నెమ్మదిగా గుమ్మం దాకా వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

“ఎక్కడికమ్మా?”

“మీ నాన్న పోయి పదకొండేళ్ళయింది కదరా. నా నాలుగు నెలల పది రోజులు ఎప్పుడో అయిపోయాయి. ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదు నాకు.”

“భలేదానివే! నీ సంగతి వేరు.”

“వేరని ఎక్కడుందో చూపించు. మౌల్వీగారూ, కొడుకులున్న తల్లి సంగతి వేరని ఆ వాక్యంలో ఏమైనా ఉందా?”

మౌల్వీగారికి పుట తెరవాల్సిన అవసరం లేకపోయింది. “లేదమ్మా,” అన్నారు.

“అయితే మీరు ముందు దిగండి. మీ వెనకే వస్తాను.”

కొడుకు ఒక్క అంగలో వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. మొహం కందగడ్డ అయింది.

“ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.”

“ఎవరూ అంటే?” అంది తల్లి, చెప్పులు విప్పకుండానే.

వాడు వెనక గది వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

“ఇద్దరూనమ్మా.”