కుర్చీలో లేని కాపలా

"ఐరీన్, పైన సాసేజీలు మాడుతున్నట్టున్నాయి, కాస్త చూడమ్మా," అన్నాడు మా ఆయన డ్వేన్, బల్ల మీది పటం నుంచి తల ఎత్తకుండానే. ఐరీన్ నా తోడికోడలు. లేచి మెట్లెక్కి వంటింట్లోకి వెళ్ళింది. తలో పాత్రా తీసుకుని, పాచికలు వేస్తూ మేం ఆడుకునే కథలో మిగతా వీరులంతా గుడారాల్లో నిద్రపోతున్నారు. కాపలా ఐరీన్ ఆడే వైద్యురాలిది. ఎప్పుడూ ఆమెదే. మాటు వేసిన దొంగలు వాళ్ళ మీద పడే ఘడియ అదే. కథ చెబుతూ, తీర్పులిస్తూ ఆ ఆట నడిపేదాన్ని నేను.

విస్కాన్సిన్ చలికాలంలో ఆదివారం మధ్యాహ్నాలన్నీ మా ఇంటి నేలమాళిగలోనే గడుస్తాయి. మా బల్లకో కట్టుబాటు ఉంది, డ్వేన్ పెట్టిందే. కుర్చీలో లేనివాళ్ళు ఏమరుపాటులో ఉన్నట్టే లెక్క, దాడి జరిగితే తొలి దెబ్బకు చెయ్యెత్తకూడదు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ కుర్చీల్లోంచి లేచేదెవరు? నేను అందరితో పాటు ఆడిన ఆరేళ్ళలో కాఫీ కాయడానికి వెళ్ళి కథలో మూడుసార్లు చచ్చాను. "కత్తి నీకెందుకు వదినా, కెటిల్ పట్టుకో," అని మరిది గ్లెన్ నవ్వేవాడు. ఆ నవ్వు పడలేకే ఆట నడిపే పని నెత్తికెత్తుకున్నాను. తన కాగితాలు ఎవరికీ కనపడకుండా అట్ట తెర వెనక కూర్చుని ఆట నడిపే మనిషిని ఎవరూ లేవమనరు. ఆ సుఖం మరిగాక, నా చాకిరీ గ్లెన్ పెళ్ళాం ఐరీన్ మీద పడుతోందని తెలిసీ చూడనట్టు ఊరుకున్నాను.

పాచికలు వెయ్యమని అడిగితే ఏదో ముంచుకొస్తోందని అందరికీ తెలిసిపోతుంది. అందుకే మాటు ఉన్న రోజున అందరి పాచికలూ నేనే ముందుగా తెర వెనక వేసి కార్డు మీద రాసుకుంటాను. ఇరవై ముఖాల పాచిక మీద ఐరీన్‌కి పద్దెనిమిది పడింది. అంటే పొదల్లో కదలికను ఆమె పసిగట్టేసింది. అప్పటికింకా కుర్చీలోనే ఉంది కూడా. కానీ పోయిన వారం నేను ఆమె వైద్యురాలిని ఒక గండం నుంచి బతకనిచ్చానని డ్వేన్ అన్న మాట నా చెవిలో గింగురుమంటోంది. "ఆడవాళ్ళిద్దరూ ఒకటయ్యారన్నమాట. ఆట నడపడం నీ వల్ల కాదే." నా వల్ల అవుతుందని చూపించాలి. అదొక్కటే అప్పుడు నా బుర్రలో ఉంది.

"ఐరీన్ కుర్చీలో లేదు. కాపలా లేనట్టే," అన్నాను. గొంతు కూడా వణకలేదు.

ట్రే పట్టుకుని ఆమె మెట్లు దిగేసరికి వైద్యురాలి గొంతులో రెండు బాణాలు దిగి ఉన్నాయి. ఐరీన్ నాలుగేళ్ళుగా పెంచుకున్న పాత్ర. "నిన్ను కాపలా పెట్టడం మా బుద్ధి తక్కువ," అన్నాడు గ్లెన్ సాసేజీ అందుకుంటూ. ఆ వైద్యురాలి వివరాలు రాసిన కాగితం చెరిపి చెరిపి పలచబడిపోయింది. ఐరీన్ దాన్ని నెమ్మదిగా సగానికి మడిచింది.

"నా తప్పేలే అక్కా. చెప్పి వెళ్ళాల్సింది," అంది.

తిట్టినా బాగుండేది. ఆడదానికి ఆడదే శత్రువని ఎవరైనా అంటే మండిపడే నేను, ఇద్దరు మగవాళ్ళ మెప్పు కోసం ఆమెను చంపాను. రబ్బరు నా చేతి పక్కనే ఉంది. ఆ పద్దెనిమిదిని చెరిపేస్తే ఎవరిని లేపుతున్నారో చూడని ఈ గుడ్డి కట్టుబాటు ఇంకో పదేళ్ళు హాయిగా నడుస్తుంది. నాకూ ఎవరూ కాఫీ అడగరు.

కార్డు తిప్పి బల్ల మధ్యలో పెట్టాను.

"ఐరీన్ చూసింది. పద్దెనిమిది పడింది. నేను అబద్ధమాడాను."

"తీర్పు చెప్పాక మార్చడమేంటే?" అన్నాడు డ్వేన్. "కుర్చీలో లేదుగా!"

"పాచిక పడ్డప్పుడు ఉంది. లేపింది నువ్వు. పోనిచ్చింది నేను."

ఐరీన్ అలవాటు కొద్దీ ఖాళీ ప్లేట్లు పోగుచెయ్యడం మొదలుపెట్టింది.

"కూర్చో ఐరీన్. దాడి మళ్ళీ మొదటి నుంచి. తొలి దెబ్బ నీదే," అన్నాను.

ప్లేట్లు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయింది. నేను తెర వెనక నుంచి లేచి, అవి ఆమె చేతుల్లోంచి తీసుకుని డ్వేన్ ఒళ్ళో పెట్టాను.